ఇల్లు అమ్మి ఆర్‌వీలో ఉంటున్నాం, సెలవులకు కొడుకు ఇంటికి వెళ్లేదెలా?

టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు తన పేరు బయటపెట్టవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆవిడకు 59 ఏళ్లు, భర్తకు 63. డాలస్ దగ్గర ఇరవై రెండేళ్లు కాపురం చేసిన ఇంటిని రెండేళ్ల కిందట అమ్మేసి, పికప్ ట్రక్కుకు తగిలించి లాగే ఫిఫ్త్ వీల్ రకం ఆర్‌వీ, అంటే చక్రాల మీద ఇల్లు, ఒకటి కొనుక్కుని, అప్పటినుంచి ఏడాది పొడుగునా అందులోనే ఉంటున్నారు. వేసవిలో కొలరాడో, న్యూ మెక్సికో కొండల వైపు గడిపి, చలి మొదలవగానే టెక్సస్ దక్షిణపు కొసనున్న రియో గ్రాండే లోయకు దిగి, అక్కడ 55 ఏళ్లు దాటినవారి కోసం నడిపే ఒక ఆర్‌వీ పార్కులో మార్చి దాకా ఉంటారు. ఈ జీవితం తమ ఇద్దరికీ నచ్చిందని ఆవిడ మొదట్లోనే స్పష్టంగా రాశారు. చిక్కంతా డిసెంబరులో వస్తోంది.

వాళ్ల అబ్బాయి, కోడలు, ఆరేళ్ల మనవడు షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో ఉంటారు. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి కూడా క్రిస్మస్ సెలవులకు అన్నయ్య ఇంటికే వస్తుంది. ఇల్లు అమ్మకముందు ఈ సెలవులన్నీ డాలస్‌లోనే గడిచేవి. పిల్లలు క్రిస్మస్‌కు వచ్చి కొత్త సంవత్సరం దాకా ఉండేవారు, వాళ్లు వెళ్లాక సంక్రాంతికి ఆవిడ బొమ్మల కొలువు పెట్టేవారు. పోయిన డిసెంబరులో భార్యాభర్తలిద్దరూ ఆర్‌వీని లాక్కుంటూ నేపర్‌విల్ వెళ్లి, అబ్బాయి ఇంటి డ్రైవ్‌వేలో నిలిపారు. ఇంట్లో ఉన్న ఒక్క అతిథి గదిలో గుంటూరు నుంచి వచ్చిన వియ్యంకులు ఉంటున్నారు కనుక, మన మంచం మనమే తీసుకెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని ఆయన అనుకున్నారు. మూడో రోజున బండి తీసేయమని హెచ్‌ఓఏ నుంచి, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నుంచి, అబ్బాయికి నోటీసు వచ్చింది. ఆ రాత్రే నీళ్ల గొట్టం గడ్డకట్టి పగిలింది. మర్నాడు సాయంత్రం, గరాజ్ ప్లగ్గుకు పెట్టిన హీటరు వల్ల కరెంటు బ్రేకరు పడిపోయి, అదే లైను మీదున్న గరాజ్ తలుపు ఆగిపోయింది. చెల్లెలి కోసం ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన అబ్బాయి చీకట్లో తలుపును చేత్తో ఎత్తుకుని కారు తీయవలసి వచ్చింది. తండ్రీ కొడుకులకు మాటా మాటా పెరిగింది. లోపలికి వచ్చి పడుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. ఈలోగా వియ్యపురాలు, "ఇల్లు అమ్ముకోవలసినంత అవసరం ఏమొచ్చింది వదినగారూ, ఈ వయసులో ఈ సంచారమేమిటి?" అని అందరి ముందూ అడిగారు. అనుకున్నదానికంటే ముందే బండి కట్టుకుని బయల్దేరారు. మనవడు ఏడుస్తుంటే కోడలు లోపలికి ఎత్తుకుపోయింది.

ఈసారి అబ్బాయి, "నాన్నా, విమానంలో రండి, టికెట్లు నేను తీస్తాను" అంటున్నాడు. ఆయన, "నా బండి రాకూడని చోటికి నేనూ రాను" అంటున్నారు. అమ్మాయి ఫోనులో, "మాకు ఇప్పుడు పుట్టిల్లు ఎక్కడుందమ్మా?" అన్నదట. బండితో వెళ్లాలా, బండి లేకుండా వెళ్లాలా, అసలు మానుకోవాలా, ఇంతకీ ఇల్లు అమ్మడమే పొరపాటా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గానీ ఉత్తరంలో నాకు కనిపించినవి రెండే. బండి ఎక్కడ నిలపాలన్నది ఒకటి. ఇన్నేళ్లు అందరినీ పిలిచి పెట్టిన ఇంటివాళ్లు ఇప్పుడు కొడుకు ఇంటికి చుట్టాలుగా ఎలా వెళ్లాలన్నది రెండోది. పోయినేడు ఈ రెండూ కలగలిసిపోవడం వల్లనే, బ్రేకరు పడిపోవడం కూడా మీ ఇంట్లో పరువు సమస్య అయి కూర్చుంది. మొదటిదానికి అంకెలూ నిబంధనలూ సమాధానం చెబుతాయి కనుక దాన్ని ముందు తేల్చుకుందాం. అది తేలితే రెండోదాని గురించి మీ ఇంట్లో కొంచెం నెమ్మదిగా మాట్లాడుకునే వీలు చిక్కుతుంది.

మీరుంటున్న పార్కులో అంత పెద్ద బండికి 50 ఆంపియర్ల కనెక్షన్ ఇచ్చి ఉంటారు. అందులో 120 వోల్టుల లైన్లు రెండు ఉంటాయి కనుక మొత్తం 12,000 వాట్ల దాకా వాడుకోవచ్చు. అబ్బాయి గరాజ్‌లోని ప్లగ్గు 15 ఆంపియర్లదైతే దాని మొత్తం శక్తి 1,800 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో 80 శాతాన్ని, అంటే 1,440 వాట్లను దాటకూడదని నియమం. గదిలో పెట్టుకునే చిన్న హీటరు ఒక్కటే 1,500 వాట్లు లాగుతుంది. దానికి తోడు మీ బండి బ్యాటరీలను నింపే చార్జరు, గరాజ్ తలుపు మోటారు అదే లైను మీద ఉన్నప్పుడు బ్రేకరు పడిపోకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ సాయంత్రం మీ వారి అజాగ్రత్తా లేదు, మీ అబ్బాయి చిరాకుకు ఆయన కారణమూ కాదు. ఈ లెక్క ఇద్దరూ కలిసి కాగితం మీద చూసుకుంటే ఆ గొడవలో సగం చల్లారుతుందని నా నమ్మకం.

కరెంటు సంగతి అలా ఉంచి, ప్రొపేన్ ఫర్నేసు ఉంది కదా అని ఆయన అనవచ్చు. 30 పౌండ్ల సిలిండరులో సుమారు 7 గ్యాలన్లు పడుతుంది. గ్యాలనుకు 91,500 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) చొప్పున చూస్తే, గంటకు 35,000 బీటీయూల ఫర్నేసు ఆగకుండా మండితే ఒక సిలిండరు పద్దెనిమిది గంటలు వస్తుంది. సగం సేపే మండినా ఒకటిన్నర రోజు. నేపర్‌విల్‌లో నడి చలికాలపు రాత్రులు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగడం మామూలే, ఆర్‌వీ గోడలేమో ఇంటి గోడల్లాంటివి కావు. అంటే పండుగ సెలవుల్లో మీ వారు మనవడితో ఆడుకోవడం మాని, సిలిండర్లు ట్రక్కులో వేసుకుని నింపించడానికి తిరుగుతూ ఉండాలి. ఇక నీళ్లు. బయట పరిచిన గొట్టంలో నీళ్లు 32 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడతాయి. వాడిన నీళ్ల ట్యాంకునూ మరుగుదొడ్డి ట్యాంకునూ అబ్బాయి వాకిట్లో ఖాళీ చేయడానికి వీల్లేదు. ఉత్తరాది క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటిని చలికాలం మూసేస్తారు కనుక ఆ ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ కోసం కూడా దూరం పోవాలి.

ఇంత తెలిసీ చలి ప్రదేశాలకు బండి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లు గొట్టాల్లోని నీళ్లన్నీ తీసేసి, గులాబీ రంగులో ఉండే ఆర్‌వీ యాంటీఫ్రీజ్ నింపి, బండిని పడకగదిగా మాత్రమే వాడుకుంటారు. స్నానం, వంట, మరుగుదొడ్డి అన్నీ ఇంట్లోనే. మీ వారి పట్టుదల నిజంగా మంచం గురించే అయితే ఇది కూడా ఒక మార్గమే. కానీ అర్ధరాత్రి లేచినప్పుడల్లా కోటూ బూట్లూ తొడుక్కుని, మంచు పట్టిన ఇనుప మెట్లు దిగి, వాకిలి దాటి ఇంటి తలుపు తీయాలి. 63 ఏళ్ల మనిషి రోజుకు రెండుసార్లు చేయదగిన పని కాదది. పైగా ఇద్దరు మనుషుల ఊపిరిలోని తేమే తెల్లవారేసరికి కిటికీల మీదా పరుపు కిందా నీరై చేరుతుంది. దానికి పైకప్పు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, తెరిస్తే వేడి పోతుంది. చలికి ఆగలేక గ్యాస్ పొయ్యి వెలిగించుకుని పడుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. పొయ్యి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఈ సెలవుల సంగతి ఎటు తేలినా సరే, మీ బండిలో ఆ వాయువును పసిగట్టే సీవో అలారం తిప్పి దాని వెనక ఉన్న గడువు తేదీ చూసుకోండి. ఆ అలారాలు కొన్నేళ్లే పనిచేస్తాయని చాలామందికి తెలియదు.

హెచ్‌ఓఏ విషయంలో మీ వారికి కోపం వచ్చిందని రాశారు. కోపం సహజమే గానీ, ఆ నోటీసు మీకు రాలేదు, మీ అబ్బాయికి వచ్చింది. జరిమానా పడినా అతని పేరు మీదే పడుతుంది, మీరు వచ్చేశాక ఆ ఇరుగుపొరుగుతో ఏడాదంతా ఉండవలసినవాడు అతను. ముందుగా రాతపూర్వకంగా అడిగితే కొన్ని సంఘాలు సామాను దించుకోవడానికని ఒకటి రెండు రోజులు ఒప్పుకుంటాయి, అంతకంటే ఎక్కువ రోజులు దొరకడం కష్టం. దారి సంగతి సరేసరి. రియో గ్రాండే లోయ నుంచి నేపర్‌విల్‌కు 1,400 మైళ్ల పైమాటే. గ్యాలనుకు తొమ్మిది పది మైళ్లిచ్చే బరువుతో రానూ పోనూ 300 గ్యాలన్ల డీజిలు కావాలి, నిదానంగా వెళ్లేవాళ్లకు ఒక్కో వైపు నాలుగైదు రోజులు పడుతుంది. 2022లో సరిగ్గా క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందు వచ్చిన మంచు తుఫానులో షికాగోలో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కిందికి పడిపోయింది. అటువంటి గాలిలో అంత ఎత్తైన బండిని లాగడం అనుభవజ్ఞులు కూడా చేయరు.

కాబట్టి డిసెంబరులో ఆర్‌వీతో నేపర్‌విల్ వెళ్లడం వద్దన్నదే నా అభిప్రాయం. మిగిలిన వాటిలో నేను ఇది చేయండి, అది మానండి అని చెప్పబోవడం లేదు గానీ, ఇందులో మాత్రం అంత తటస్థంగా ఉండలేను. బండితోనే వెళ్లాలన్న కోరిక తీరాలంటే వేసవి ఉంది. నేపర్‌విల్ పక్కనే, డుపేజ్ కౌంటీ వాళ్ల బ్లాక్‌వెల్ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో వేసవి నెలల్లో నడిచే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. మనవడికి బడి సెలవులు, మీకు కొలరాడో వెళ్లే కాలం. దారి కొంచెం చుట్టు అయినా సరే అక్కడ ఆగితే, వాడు రాత్రుళ్లు తాతయ్య పక్కన బండిలోని పై బెడ్డు మీద పడుకుంటాడు, కాలనీ వాళ్ల నోటీసు కూడా రాదు.

ఇప్పుడు మీ వారి మాట. ఆయన్ను మీరు మొండి మనిషి అని రాశారు. నాకు అలా అనిపించలేదు. ఇరవై రెండేళ్లపాటు డిసెంబరు వచ్చిందంటే ఎవరు ఏ గదిలో పడుకోవాలో నిర్ణయించిన మనిషి, ఇప్పుడు వియ్యంకులు అతిథి గదిలో ఉండగా తాను హాల్లో సోఫా మీద దుప్పటి పరుచుకోవాలి. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకోవాలన్నా ఎవరైనా నిద్ర లేస్తారేమోనని కప్పు చప్పుడు కాకుండా పెట్టాలి. బండి వాకిట్లో ఉంటే ఆయన కొడుకు ఇంటికి వచ్చినట్టూ ఉంటుంది, తన ఇంట్లో తాను ఉన్నట్టూ ఉంటుంది. ఆ ఏర్పాటు చలి వల్లా కాలనీ నిబంధనల వల్లా సాగలేదు గానీ, దాని వెనకున్న అవసరం నిజమైనదే. అందుకని ఆయన్ను, "ఎందుకు రారు?" అని అడగడం మానేసి, "అక్కడ మీకు ఏమేమి ఉంటే సుఖంగా ఉంటుంది?" అని అడిగి చూడండి. నడుముకు పడే పరుపు, రాత్రి వేళ దగ్గరలో బాత్రూము, పొద్దున ఒక గంట ఏకాంతం, ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లడానికి ఒక వాహనం అని ఆయన నోట వస్తే, అవన్నీ ఏర్పాటు చేసుకోగలిగినవే.

అబ్బాయి చెప్పినట్టు విమానంలో వెళ్లడం అన్నిటికంటే సులువు, ఆరోగ్యరీత్యా క్షేమం. దీనికి ఆర్‌వీని పార్కులోనే వదలాలి. నీళ్ల కనెక్షన్ విప్పి, లైన్లలోని నీరంతా బయటికి తీసేసి, ప్రొపేన్ వాల్వు కట్టేసి, పక్క బండివాళ్లకు తాళం ఇచ్చి వెళ్లండి. లోయలో చలి ఉండదులే అనుకోవద్దు, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను పట్టి కుదిపిన చలి అక్కడికీ వచ్చింది. విమానంలో వెళ్తే బస ఎక్కడన్నది అసలు ప్రశ్న. ఇంట్లోనే ఉంటే సోఫాయో, బేస్‌మెంటులో గాలి పరుపో తప్పదు. నాలుగు రోజులకు పరవాలేదు, పది రోజులైతే ఇల్లు ఇరుకై మనుషులు చిన్న మాటకే నొచ్చుకుంటారు. దగ్గరలో వంటింటితో సహా గది ఇచ్చే హోటలు తీసుకుంటే మీ వారికి కావలసిన ఏకాంతం దొరుకుతుంది, పొద్దున కాఫీ తాగి తొమ్మిదింటికి వెళ్లి రాత్రి భోజనం అయ్యాక వచ్చేయవచ్చు. "కొడుకు ఇల్లు ఉండగా హోటలేమిటి" అని మన వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, మీ కోడలే నొచ్చుకోవచ్చు. అది ఆమె మీద అలకగా కనిపించకుండా ఉండాలంటే, గది తీసుకునే ముందు ఆమెకే ఫోను చేసి, "మీ మామయ్యకు రాత్రుళ్లు ఇబ్బందమ్మా, మీ ఇంటికి దగ్గరలో మంచి చోటు ఏదైనా చూసి పెట్టు" అని ఆ పని ఆమెకే అప్పగించండి. రెండు రాత్రులు మనవడిని మీ హోటలు గదికి తెచ్చుకుంటే కోడలికి విశ్రాంతి, వాడికి ఈత కొలను.

విమానం ఆయనకు సుతరామూ ఇష్టం లేకపోతే మధ్యే మార్గం ఒకటుంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆర్‌వీని పార్కులో వదిలి ట్రక్కు ఒక్కదాన్నే తీసుకుని వెళ్లండి. వెనక బరువు లేకపోతే మైలేజీ పెరుగుతుంది, దారిలో మోటెల్లో రెండు రాత్రులు ఆగితే మూడో రోజుకు చేరవచ్చు, తుఫాను సూచన ఉంటే ఓక్లహామాలోనో సెయింట్ లూయిస్‌లోనో ఒక రోజు ఆగిపోవచ్చు. అబ్బాయి కారు తాళాల కోసం ఎదురుచూడవలసిన పని ఆయనకు ఉండదు. అరోరాలోని బాలాజీ గుడి అక్కడికి దగ్గరే, ధనుర్మాసం కనుక వియ్యంకులను పొద్దున్నే దర్శనానికి తీసుకెళ్లే బాధ్యత ఆయనే తీసుకోవచ్చు. పనిలేకుండా కూర్చోవడమే ఆయనకు కష్టమని నాకు అనిపిస్తోంది. ట్రక్కు డీజిలుదైతే ఒక జాగ్రత్త: దక్షిణ టెక్సస్‌లో నింపిన డీజిలు గట్టి చలికి చిక్కబడి ఇంజనుకు అందదు, ఉత్తరానికి వెళ్లే కొద్దీ అక్కడ చలికాలానికి కలిపి అమ్మే ఇంధనం పోయించుకోవాలి. దీని నష్టం శ్రమ, సమయం. మీకు అంత సేపు ట్రక్కులో కూర్చునే ఓపిక ఉందో లేదో మీరే చెప్పాలి. మీ ఉత్తరం నిండా అందరి సుఖాలూ ఉన్నాయి, మీ మోకాళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యం ఉంది.

మరో వైపు నుంచి కూడా ఆలోచించవచ్చు: పిల్లలనే మీ దగ్గరికి పిలవడం. మీరు ఇప్పటికీ ఇంటివాళ్లుగా పిలవగలరు, స్థలం మాత్రమే మారింది. మీ పార్కు 55 దాటినవారిది కనుక చిన్నపిల్లలు ఎన్ని రాత్రులు ఉండవచ్చో, అతిథులకు రుసుము ఎంతో ముందుగా ఆఫీసులో కనుక్కోండి. చాలా పార్కులు మనవల రాకకు కొన్ని రోజుల పరిమితి పెడతాయి. అందరూ బండిలో పట్టరు, పట్టించాలని చూడవద్దు. సౌత్ పాద్రే ద్వీపం మీకు దగ్గరే, అక్కడ సముద్రం ఒడ్డున ఒక ఇల్లు వారానికి అద్దెకు తీసుకుంటే వంటిల్లు మీ చేతికి వస్తుంది. క్రిస్మస్ వారంలో అద్దె ఎక్కువ ఉంటుంది, అబ్బాయి కుటుంబానికీ వియ్యంకులకూ కలిపి అయిదు టికెట్ల ఖర్చు ఉంటుంది, అందువల్ల ఏటా ఇదే పద్ధతి సాగదు. అమెరికాలో సంక్రాంతికి సెలవు లేకపోయినా, జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు దినం, కొన్ని సంవత్సరాల్లో అది సంక్రాంతి వెనకే వస్తుంది. క్రిస్మస్‌కు మీరు వెళ్లి, ఆ మూడు రోజుల సెలవుకు పిల్లల్ని మీ వైపు రమ్మనడమో, ఒక ఏడు అటు ఒక ఏడు ఇటు అనుకోవడమో చేయవచ్చు. మీ అమ్మాయికి ఇది కోడలికంటే ఎక్కువ నచ్చుతుందని ఊహిస్తున్నాను.

అసలు వెళ్లకుండా ఉండటం కూడా మీ చేతిలోని పనే. పార్కులో చలికాలమంతా గడిపే మీ స్నేహితులతో క్రిస్మస్ విందు బాగానే ఉంటుంది, ఒక ఏడాది ఎడం ఇస్తే తండ్రీ కొడుకుల కోపం తగ్గవచ్చు కూడా. కానీ పోయినేడు మధ్యలో వచ్చేశారు కనుక, ఈ ఏడు వెళ్లకపోతే దాన్ని అక్కడ అలకగానే లెక్కవేస్తారు. ఆరేళ్ల పిల్లవాడికి ఒక సంవత్సరం చాలా పెద్దది.

వియ్యపురాలి మాట మిమ్మల్ని ఏడాదిగా గుచ్చుతోందని అర్థమైంది. ఆవిడ ఎరిగిన లోకంలో ఉద్యోగ విరమణ నాటికి సొంత ఇల్లు కట్టుకుంటారు, అమ్ముకున్నారంటే అప్పులో అనారోగ్యమో ఉందనుకుంటారు. కూతురి అత్తవారికి కష్టం వచ్చిందేమోనన్న భయం ఆవిడకు ఉండటంలో వింత లేదు. అందరి ముందూ అడగడం మాత్రం పొరపాటే. దానికి అబ్బాయి చేత కోడలికీ, కోడలి చేత ఆవిడకూ కబురు పంపితే చిన్న మాట పెద్దదవుతుంది. మళ్లీ ఎదురైనప్పుడు మీరే, "అవసరం పడి అమ్మలేదు వదినగారూ, తిరగాలన్న సరదాతో అమ్మాం, డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది" అని నవ్వుతూ చెప్పేయండి. మీరు రాసిన ఇంకో వివరం నాకు ముఖ్యంగా తోచింది: వాకిట్లో అన్ని రోజులు బండి ఉన్నా ఆవిడ ఒక్కసారి కూడా మెట్లెక్కి లోపలికి రాలేదు, మీరూ రమ్మని పిలవలేదు. చూడని వంటింటి గురించి మనుషులు ఏదైనా ఊహించుకుంటారు. మీ తీరపు ఇంటి ఏర్పాటు కుదిరితే వాళ్లిద్దర్నీ కూడా పిలవండి, పార్కులో మీ బండిలోనే ఒక పూట పప్పూ పులుసూ వండి పెట్టండి.

అమ్మాయి మాట మాత్రం దీనికంటే లోతైనది, దాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ఇల్లు అమ్మే ముందు పిల్లలకు చెప్పామని రాశారు, అడిగామని రాయలేదు. అడగవలసిన అగత్యం మీకు లేదు, ఇల్లు మీది. అయినా పెళ్లి కాని ఆడపిల్లకు సెలవులకు వెళ్లే చోటు అన్నయ్య ఇల్లు ఒక్కటే మిగిలితే, అక్కడ వదినగారి తల్లిదండ్రులు కూడా ఉంటే, తాను ఎవరి ఇంటికి వస్తోందో ఆమెకు తెలియకుండా పోతుంది. "మేమెక్కడుంటే అదే నీ పుట్టిల్లు" అని వెంటనే సర్దిచెప్పకండి, ఆ మాట ఆమె విననట్టే ఊరుకుంటుంది. ఆ ఇంట్లో ఆమెకు ఏవి గుర్తొస్తున్నాయో అడిగి వినండి. బొమ్మల కొలువు పెట్టెలు డాలస్ దగ్గర స్టోరేజీ గదిలో ఉన్నాయని, నెలనెలా అద్దె కడుతున్నారని రాశారు కదా. బండిలో బరువుకు పరిమితి ఉంది, అన్నీ మోయలేరు. కొన్ని బొమ్మలు ఆమెకు ఇవ్వవచ్చు, కొన్ని మనవడి ఇంట్లో ఉంచవచ్చు, ఒక చిన్న మెట్టుకు సరిపడా మీ దగ్గర ఉంచుకోవచ్చు. కోడలి ఇంట్లో కొలువు పెట్టాలని మాత్రం ఆమె అడగకుండా పెట్టెలు పంపకండి, అది పండుగగా కాక పనిగా చేరుతుంది. అమ్మాయికి సియాటిల్‌లో చిన్న ఫ్లాటే ఉన్నా, ఒక సంక్రాంతికి మీరిద్దరూ అక్కడికే వెళ్లి, ఆమె చేత కొలువు పెట్టించడం కూడా ఆలోచించదగినది.

ఇల్లు అమ్మడం పొరపాటా అన్నదానికి నా దగ్గర అవుననో కాదనో జవాబు లేదు. మీకు నచ్చిందని మీరే రాశారు, అది చాలు. పిల్లల అసహనం వెనక మాత్రం వాళ్లు నోరు తెరిచి అడగని ప్రశ్న ఒకటి ఉందనుకుంటాను: ఈ ప్రయాణం ఎన్నాళ్లు, దారిలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఏమిటి? మీ వారికి మెడికేర్, అంటే 65 ఏళ్లు నిండినవారికిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, రావడానికి ఇంకా రెండేళ్లుంది. అంతవరకు మీరు టెక్సస్‌లో తీసుకున్న ఆరోగ్య బీమా అబ్బాయి ఉండే ఇల్లినాయ్ రాష్ట్రంలో అత్యవసర చికిత్సకు తప్ప పనికిరాకపోవచ్చు. పాలసీలో చూసుకుని, సరిపడా మందులు పట్టుకుని వెళ్లండి. డాక్టర్ల కాగితాలు, మీరు నిర్ణయం చెప్పలేని స్థితి వస్తే ఎవరు చెప్పాలన్న పత్రం, పార్కు ఆఫీసు ఫోను నంబరు అబ్బాయికీ అమ్మాయికీ ఇవ్వండి. ఆర్‌వీ నడపడం కష్టమైన నాడు ఎక్కడ స్థిరపడాలనుకుంటున్నారో, ఇప్పుడే తేల్చకపోయినా, ఆలోచిస్తున్నామని చెప్పండి. ఇవి తెలిసిన పిల్లలు బండిని చూసి ఇంతగా బెదరరు.

ఈసారి అబ్బాయికి ఫోను మీరు చేయకండి, మీ వారిని చేయమనండి. మధ్యలో మీరు మాట మోస్తే ఇద్దరూ మీ మీద విసుక్కుంటారు. పోయినేటి గొడవ ఎత్తవలసిన పని లేదు. బండి తేవడం లేదని, ట్రక్కో విమానమో తాను చూసుకుంటానని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటారో, రాత్రి బస ఎక్కడో ఆయనే చెబితే చాలు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ కనుక ఆ లోపే మాట్లాడమనండి, ఆ తర్వాత క్రిస్మస్ వారానికి టికెట్లూ హోటలు గదులూ దొరకడం కష్టమవుతుంది.